చదివే మనిషి లేని గ్రంథాలయం

ఇంగ్లండులో ప్రతి కారాగారంలోనూ గ్రంథాలయం ఉండి తీరాలి. 1999 నాటి జైలు నియమావళి ఆ మాట స్పష్టంగానే చెబుతుంది. పౌర గ్రంథాలయాలను నడపడం స్థానిక ప్రభుత్వాల విధి అని 1964 నాటి చట్టం నిర్దేశిస్తుంది. పాఠశాలల విషయంలో మాత్రం అటువంటి నిర్బంధమేదీ లేకుండానే దశాబ్దాలు గడిచిపోయాయి. బడిలో గ్రంథాలయం ఉండాలా, ఉంటే దానిని చూసుకొనే మనిషి ఉండాలా అన్నది ప్రధానోపాధ్యాయుల అభిరుచికీ, ఆ ఏటి బడ్జెట్టుకూ వదిలివేసిన సంగతి. ప్రతి ప్రాథమిక పాఠశాలలోనూ గ్రంథాలయం ఏర్పడేలా చూస్తామని 2025లో ప్రభుత్వం ప్రకటించింది. సంతోషించదగినదే. అయితే గది, అరలు, పుస్తకాలు సమకూరినంత మాత్రాన గ్రంథాలయం ఏర్పడుతుందా?

బడి గ్రంథపాలకురాలి దినచర్యను ఒక్కరోజు గమనించినవారికి అది తీరుబాటు ఉద్యోగమన్న భ్రమ మిగలదు. తలుపు తీసేసరికే ప్రింటరు పనిచేయడం లేదని ఒకరు, తీసుకున్న పుస్తకం బస్సులో మరిచిపోయానని మరొకరు వచ్చి నిలబడతారు. కొత్త పుస్తకాలకు ప్లాస్టిక్ అట్టలు వేయాలి, సంఖ్యల చీటీలు అంటించాలి, కంప్యూటరులో నమోదు చేయాలి. చిరిగినవాటినీ కాలం చెల్లినవాటినీ ఏరివేయాలి. గడువు దాటిన పుస్తకాల కోసం ఇళ్ళకు కబురు పంపాలి. టీచరు రాని తరగతిని తెచ్చి అక్కడే కూర్చోబెడతారు. పరీక్షల కాలంలో ఆ గదే పరీక్ష హాలవుతుంది. భోజన విరామంలో, ఆటస్థలంలో తోడు దొరకని పిల్లలకు అదే ఆశ్రయం. ఇన్ని పనులకూ తరచుగా ఒక్క మనిషే. చాలాచోట్ల, బడి నడిచే వారాలకు మాత్రమే జీతం లెక్కగట్టే ఒప్పందం.

ఈ జాబితాలో చదవడమన్న పని లేదు. పని వేళల్లో ఆమె నవల తెరిచి కూర్చుంటే, పాపం ఖాళీగా ఉందనుకొని ఇంకొక పని అప్పగించేవారే ఎక్కువ. కనుక ఆమె చదువంతా రాత్రిపూట, ప్రయాణాల్లో, సెలవుల్లో సాగుతుంది. దానికి జీతమూ లేదు, గుర్తింపూ లేదు. కానీ ఆ ఉద్యోగంలో అసలు పని అదే.

ఎందుకో తెలియాలంటే ఎస్.ఆర్. రంగనాథన్‌ను తలచుకోవాలి. గణితాధ్యాపకుడిగా ఉన్న ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడిగా నియమితుడై, శిక్షణకోసం లండన్ వచ్చి, క్రోయ్డన్ పట్టణ గ్రంథాలయం పనితీరును దగ్గరగా చూశాడు. గ్రంథాలయ శాస్త్రానికి ఆయన రూపొందించిన అయిదు సూత్రాలు 1931లో పుస్తకంగా వెలువడ్డాయి. వాటిలో రెండవది పాఠకుడి పక్షాన నిలుస్తుంది. ఎవరికి కావలసిన పుస్తకం వారికి చేరాలంటుంది. మూడవది పుస్తకం పక్షాన నిలుస్తుంది. అరలో ఉన్న ప్రతిదానికీ దాని చదువరిని వెతికి పెట్టమంటుంది. ఏం కావాలో తెలిసినవాడికి కంప్యూటరు పట్టిక చాలు. ఏం అడగాలో తెలియని పన్నెండేళ్ళ పిల్లవాడికీ, రెండేళ్ళుగా ఎవరూ ముట్టని పుస్తకానికీ సంబంధం కలపాలంటే ఆ ఇద్దరినీ ఎరిగినవారు కావాలి. రోగిని పలకరించకుండా, మందు గుణం తెలియకుండా చీటీ రాసే వైద్యుడిని ఎవరు నమ్ముతారు?

అమెరికాలో బెవర్లీ క్లియరీ రచయిత్రి కాకముందు యాకిమా పట్టణ గ్రంథాలయంలో పిల్లల విభాగం చూసేది. తమలాంటి మామూలు పిల్లల కథలు ఎక్కడున్నాయని కొందరు కుర్రాళ్ళు ఆమెను అడిగారు. అటువంటివి దాదాపుగా లేవని ఆమె గ్రహించింది. 1950లో ఆమె 'హెన్రీ హగ్గిన్స్' రావడానికి ఆ ప్రశ్నే ప్రేరణ. లేదని గ్రహించడానికి కూడా అరలో ఉన్నదేమిటో చదివి ఉండాలి కదా. బ్రిటన్‌లో బాలసాహిత్యానికి 1936 నుంచి ఇస్తున్న కార్నెగీ పతకానికి న్యాయనిర్ణేతలు గ్రంథపాలకులే. తుది జాబితాలోని పుస్తకాలను బడుల్లో పిల్లల బృందాలు కూడా చదివి, తమ తీర్పు తాము చెప్పుకుంటాయి. ఆ బృందాలను కూర్చి నడిపేది తరచుగా ఈ గ్రంథపాలకురాలే.

ఇప్పుడు పిల్లల పఠనస్థాయిని కంప్యూటరే కొలుస్తోందనీ, పుస్తకాల మీద రంగు చీటీలు ఉన్నాయనీ, ఇంకా మనిషెందుకనీ వాదించేవారున్నారు. తడబడే చదువరిని గుర్తించడానికి ఆ కొలత ఉపయోగపడవచ్చు. కానీ తాత పోయిన వారంలో ఒక పిల్ల ఎటువంటి కథ కోసం వెతుక్కుంటుందో రంగు చీటీ చెప్పదు. స్థాయికి మించిందని ఒక పుస్తకాన్ని చేతిలోంచి లాగేస్తే ఆ పిల్లకు పుస్తకాల మీదే మనసు విరగవచ్చు. ఆ సంగతి ముందుగా పసిగట్టగలిగేది మనిషే.

ఇది తెలుగువారికి పరాయి సంగతి కాదు. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు గ్రంథాలయాన్ని ఒక ఉద్యమంగా ఊరూరా నడిపిన నేల మనది. అదే నేల మీద ఎన్నో బడుల్లో గ్రంథాలయమంటే తాళం వేసిన బీరువా. పుస్తకం పోతే బాధ్యత స్టాకు రిజిస్టరులో సంతకం పెట్టిన మాస్టారిదే కనుక, తాళం తీయకపోవడమే ఆయనకు క్షేమం. పిల్లవాడు పుస్తకం పోగొట్టడం గ్రంథాలయానికి అయ్యే మామూలు ఖర్చనీ, ఎవరూ చదవకపోవడమే అసలు నష్టమనీ మన లెక్కల్లో ఎప్పుడూ రాసుకోలేదు.

ఆ బీరువాలను చూసి పెరిగి సీమకు చేరిన తల్లిదండ్రులు ఇక్కడ బడిని ఎంచుకొనేటప్పుడు ఫలితాలు అడుగుతారు, గణితం ఎలా చెబుతారని అడుగుతారు. గ్రంథాలయం సంగతి అడిగేవారు అరుదు. చట్టం అడగనప్పుడు తల్లిదండ్రులైనా అడగాలి. బడి పాలకమండళ్ళలో తల్లిదండ్రుల ప్రతినిధులకు చోటుంది. పుస్తకాలు ఎన్ని ఉన్నాయన్న ప్రశ్నకు జవాబు సులువు. గ్రంథపాలకురాలు ఉన్నారా, ఆమెకు చదువుకొనేందుకు వారంలో ఎన్ని గంటలు ఇస్తున్నారు అని అక్కడ అడిగితే, ఆ బడి చదువుకు ఇచ్చే విలువ ఏపాటిదో తేలిపోతుంది.