పద్దెనిమిది నిండాక తోడెవరు?



క్రిస్మస్‌కు సైదాబాదులోని బాలల సదనానికి కేకులు తీసుకువెళ్తాం. మంచిదే. కాని అక్కడి పిల్లలు 18 ఏళ్లు నిండాక బయటికి రావలసిందే. ఆ తరువాత కూడా వారికి ఆర్థిక సహాయం ఇవ్వడానికి 2015 నాటి బాల న్యాయ చట్టంలోని 46వ సెక్షన్ వీలు కల్పించింది. అయితే జ్వరం వస్తే ఆస్పత్రికి తోడు వచ్చేవారిని, అద్దె గది వెతికిపెట్టేవారిని, బ్యాంకు ఫారం నింపడం నేర్పేవారిని చట్టం ఇవ్వలేదు. వారు మనలోనుంచే రావాలి.

పాతబస్తీలో మన కుటుంబాల్లో టైలర్లు, నర్సులు, మెకానిక్‌లు, టీచర్లు ఉన్నారు. జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్ని సంప్రదించి, అనుమతితో ఒక్కొక్క కుటుంబం ఒక్కొక్కరికి అండగా నిలవవచ్చు. వారానికి ఒక గంట చాలు. కాని మానకుండా ఏడాదిపాటు వెళ్లాలి. ఒకసారి అయినవారిని పోగొట్టుకున్న బిడ్డకు, మధ్యలో మానేసే తోడు మరో గాయమే. ఏడాదికొకసారి ఇచ్చే కేకుకన్నా ప్రతి వారం వచ్చే మనిషే వారికి ముఖ్యం.