ఫాక్సుగ్లోవు మొక్క నేర్పు పాఠము

పెరటిచెట్టు మందునకు పనికిరాదని మనలో నొక సామెత గలదు. దీనికి విరుద్ధముగా, "ఆకుమందే గదా, మేలు చేయకున్నను కీడు చేయదు" అని నమ్మువారును మన యిండ్లలో ననేకులు గలరు. ఈ రెండును పొరపాటులే యని నా యభిప్రాయము. ఇందుకు ఇంగ్లాండు దేశమందు పెరుగు మొక్క యొకటి సాక్ష్యము చెప్పగలదు.

దాని పేరు ఫాక్సుగ్లోవు. అనగా నక్క చేతొడుగని యర్థము. ఊదారంగు పూవులు గంటలవలె కాడపొడవున వ్రేలాడుచుండును. పూవు వ్రేలికి తొడుగువలె నమరునట్లుండుటచే లాటిను భాషలో దీనిని డిజిటాలిస్ అందురు.

1775వ సంవత్సరమున విలియం విథరింగు అను వైద్యుని, ఒక మందును గూర్చి యభిప్రాయము చెప్పుమని యడిగిరి. ష్రాప్‌షైరు మండలమందలి యొక వృద్ధురాలు ఆ మందును రహస్యముగా కాపాడుచుండెను. నీరుపట్టి దేహ ముబ్బిన రోగులను, వైద్యులు చేయి విడిచిన పిమ్మట గూడ, ఆమె యొక్కొక్కప్పుడు బాగుచేయుచుండెనట. అందులో నిరువదికి తక్కువగాని మూలికలుండెను. విథరింగు "ముసలమ్మ మందు" అని నవ్వి పోలేదు. అట్లని గ్రుడ్డిగా నమ్మనులేదు. గుణమిచ్చునది ఫాక్సుగ్లోవే యని గుర్తించి, దాని యాకుల నెండబెట్టి పొడిచేసి, ఎంత యిచ్చిన మేలో, ఎంత యిచ్చిన కీడో పదియేండ్లు పరీక్షించెను. 1785లో ప్రకటించిన గ్రంథమున, కుదిరిన రోగులతోపాటు కుదురని రోగుల వృత్తాంతములను గూడ దాచక వ్రాసెను. ఆతని గొప్పతనమెల్ల నిందే యున్నదని నా తలంపు.

ఏలయన నీ యాకు సామాన్యమైనది కాదు. తగు మోతాదున గుండెకు బలమిచ్చి, దాని వేగమును తగ్గించును. మోతాదు మీరెనా, వాంతులు పట్టును. వస్తువులు పచ్చగాను పసుపుగాను కనబడును. నాడి మందగించి ప్రాణమే పోవచ్చును. మేలునకు కీడునకు నడుమ నెడము మిక్కిలి స్వల్పము. వేరొక మొక్క యాకని భ్రమపడి, కాచి త్రాగి, ప్రమాదమున బడినవారును గలరు. 1930లో సిడ్నీ స్మిత్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఈ జాతి మొక్కనుండి డిగాక్సిన్ అను శుద్ధ పదార్థమును వేరుచేసెను. నేటికిని కొన్ని గుండెజబ్బులకు వైద్యులు దానిని కొలతతో, జాగ్రత్తతో నిచ్చుచున్నారు.

కావున తల్లిదండ్రులారా, మన యవ్వలెరిగిన మూలికలను తూలనాడకుడు, వానిని వ్రాసియుంచుడు. కాని బిడ్డ నోట ఆకుపసరు పోయుటకు ముందు, అది యే యాకు, ఎంత పోయవలయును, ఎవరికి వికటించెను అని యడుగుడు. నిశ్చయమైన యుత్తరము లేనిచో ఆ గిన్నెను దింపి, బిడ్డను వైద్యునికి చూపుడు.

విద్యార్థులారా, మీలో వైద్యులు కాగోరువారు విథరింగును మరువకుడు. వృద్ధురాలి మాటను చెవినిడు వినయమును, తన యోటమిని దాచని సత్యమును ఒక్కచోట గూడినందుననే యొక పల్లెమందు లోకమునకు మందయ్యెను.