ఇంటి పెద్దలకు ఇన్‌ఫ్లుయెంజా టీకా

గాలికుంటు టీకా వేయుటకు పశువుల డాక్టరు వచ్చెనని వినినతోడనే గేదెలను తోలుకొనిపోవు మన రైతు సోదరులు ఇంటనున్న ముసలి తలిదండ్రులకు ఇన్‌ఫ్లుయెంజా టీకా వేయింప తలంపకున్నారు. పశువుల టీకా ఉచితము, దీనికి వెల యియ్యవలెను. కారణ మిదియే యని మే మెరుగుదుము. కాని ఊపిరితిత్తులు చెడి గుడివాడలోనో బందరులోనో ఆసుపత్రిపాలయినచో నగు వ్యయమెంత?

1918లో ఈ జ్వరమే మన దేశమున కోటికి మించిన ప్రాణములను గొనెను. నేడంత యుపద్రవము లేకున్నను, 65 ఏండ్లు దాటినవారికిని, మధుమేహము, ఉబ్బసము, గుండెజబ్బు గలవారికిని ఇది వట్టి పడిసెము గాదు.

టీకావలననే జ్వరము వచ్చునని కొందరి భయము. వృద్ధులకు సూదితో వేయు మందులో నున్నది చచ్చిన క్రిమి. అది జ్వరమును పుట్టింపజాలదు. చేయి నొప్పి, ఒకటి రెండు దినములు ఒళ్లు వెచ్చబడుట కలుగవచ్చును. టీకా వేసికొన్నవారికి జ్వరమే రాదని మేము చెప్పము. వచ్చినను ముదురుట తక్కువ. క్రిమి యేటేట రూపు మార్చును గావున నిరుటి టీకా చాలదు.

వానకారున, సరిగా నాట్లవేళనే, ఈ జ్వరము హెచ్చును. టీకా పనిచేయుటకు రెండు వారములు పట్టును గనుక కాలువలకు నీరు వదలకమున్నే వేయింపవలెను. దివిసీమ లంకలనుండి ముసలివారిని ఒక్కొక్కరినే పట్టణమునకు కొనిపోవుట కష్టము. ఎరువులకు పేర్లు వ్రాసికొను మన సంఘములు వీరి పేర్లనుగూడ వ్రాసికొని, డాక్టరుతో మాటలాడి, మంచుపెట్టెలో మందును గ్రామమునకే తెప్పింపరాదా?