భద్రాచలం అడుగులతో మా ఊరికి లెక్క కుదరదు



వరదల కాలం వచ్చిందంటే మా ఇళ్లల్లో పొద్దున లేవగానే వినిపించే మాట ఒకటే: "భద్రాచలం ఎంతుంది?" హైదరాబాదులో ఉన్న పిల్లలు ఫోన్ చేసినా ముందు అదే అడుగుతారు. అక్కడ గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మా వైపు పిల్లలకు ఎక్కాలకన్నా ముందు ఈ మూడు అంకెలూ నోటికి వస్తాయి. మీ పత్రికలో రోజూ వేసేదీ, టీవీ కింద పరుగెత్తేదీ ఆ మట్టమే. అది అవసరమే, కాదనను. కాని అది మా ఊరి మట్టం కాదు. ముంపు ఉన్న ప్రతి ఊళ్లోనూ ఆ ఊరి గేజి ఒకటి నిలబెట్టాలి, దాన్ని ఆ ఊరి మనిషి చేతే చదివించాలి. ఈ లేఖ రాస్తున్నది అది అడగడానికే.

మాది కూనవరం మండలం. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటికి దగ్గర. భద్రాచలం మాకు ఎగువన ఉంది. శబరి కలిసేది భద్రాచలం దాటాక. ఒడిశాలో కోరాపుట్ కొండల్లో కొలాబ్ పేరుతో పుట్టి, దారిలో సీలేరును కలుపుకుని వచ్చే నది అది. ఆ కొండల మీద మూడు రోజులు కుండపోతగా కురిసినా, ఆ నీళ్లలో ఒక్క చుక్క కూడా భద్రాచలం వంతెన కిందికి పోదు. అవి నేరుగా మా మీదికి వస్తాయి. గోదావరి అప్పటికే నిండుగా ఉంటే శబరికి దారి దొరకదు. వెనక్కి తంతుంది. దాన్నే మేం ఎగపోటు అంటాం. శబరి ఒడ్డున ఉన్న చింతూరు మునిగేది చాలాసార్లు ఈ ఎగపోటుతోనే. సోకిలేరు, చంద్రవంక లాంటి వాగులు కూడా అప్పుడు దిగువకు పారడం మానేసి రోడ్ల మీదికి ఎక్కుతాయి. భద్రాచలంలో గోదావరి "నిలకడగా" ఉన్నప్పుడు కూడా మా దగ్గర నీరు పెరుగుతూనే ఉండవచ్చు.

2022 జూలైలో అదే జరిగింది. మధ్యలో భద్రాచలం దగ్గర కాస్త తగ్గిందని వినగానే మా వీధిలో సగం మంది అటక మీది సామాను కిందికి దించుకున్నారు. నేనూ దించాను. మా నాన్న నేర్పిన పద్ధతి ఒకటి ఉంది: నీటి అంచున వెదురు పుల్ల పాతి, జానెడుకొక కత్తిగాటు పెట్టడం. ఆ సాయంత్రం మా దొడ్లో చింతచెట్టు పక్కన పుల్ల పాతాను. ఎనిమిది గంటలకు ఒక గాటు తడిసింది. పదకొండుకు టార్చి వేసి చూస్తే మూడు. టీవీలో తగ్గుముఖం అన్నారు కదా అని మనసు ఒప్పుకోలేదు, పుల్ల పక్కకు ఒరిగిందేమో అనుకున్నాను. రెండింటికి లేచి వెళ్తే పుల్లే లేదు, మోకాలి లోతు నీళ్లున్నాయి. పెద్దావును విప్పగలిగాం గాని లేగదూడను విప్పేసరికి ఆలస్యమైంది. కోడలి కుట్టుమిషను, బియ్యం డ్రమ్ము, నా సర్వీసు కాగితాలు అన్నీ పోయాయి. తర్వాత 16వ తేదీన భద్రాచలంలో 71.3 అడుగులకు వచ్చిందని గుట్ట మీద టార్పాలిన్ కింద కూర్చుని విన్నాం. అప్పటికి ఆ అంకెతో మాకు చేసుకునేది ఏమీ మిగల్లేదు.

ఆ రాత్రి నా దగ్గర ఉన్న ఒకే నిజమైన కొలత ఆ వెదురు పుల్ల. నేను దాన్ని నమ్మకుండా టీవీని నమ్మాను. ముప్ఫై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి, కొలత ఎక్కడ తీసుకున్నదో అడగాలని నాకే తట్టలేదు. అందుకే ఇంత పట్టుదలగా రాస్తున్నాను.

అడుగు ఎక్కడైనా పన్నెండు అంగుళాలే. తేడా అంతా సున్నా ఎక్కడ పెట్టారన్న దానిలో ఉంది. భద్రాచలంలో 43 అడుగులు మొదటి హెచ్చరిక. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. ఈ రెండు కొలబద్దల సున్నాలు వేరు. కేంద్ర జల సంఘం వాళ్లు ఇచ్చే మట్టాలు సముద్రమట్టం నుంచి మీటర్లలో ఉంటాయి. కూనవరంలో, శబరి మీద కోంటాలో వాళ్ల గేజి కేంద్రాలున్నాయి, అక్కడ నిజాయితీగా పని జరుగుతుంది. కాని ఆ మీటర్లు గడప మీద నిలబడ్డ మనిషికి అర్థం కావాలంటే, ఆ గడప సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో అతనికి తెలియాలి. మా మండలంలో ఎంతమందికి తెలుసు? నాకు ఈ మధ్యదాకా తెలియదు.

క్యూసెక్కుల సంగతి కూడా చెప్పాలి. పత్రికల్లో ఇన్ని లక్షల క్యూసెక్కులు అని వచ్చేది చాలావరకు నీటిమట్టం నుంచి లెక్కగట్టిన సంఖ్య. ఏటి అడ్డంగా చోటుచోటున లోతు చూసి, కరెంటు మీటరు దించి వేగం కొలిచి, ఇంత మట్టానికి ఇంత ప్రవాహం అని ముందే ఒక పట్టిక కట్టుకుంటారు. ఆ తర్వాత మట్టం చూసి ప్రవాహం చెబుతారు. ఇసుక మేట వేసినా, అడుగు కోసుకుపోయినా ఆ పట్టిక మళ్లీ కట్టుకోవాలి. అది అన్నిటికన్నా ఎక్కువగా బెడిసికొట్టేది రెండు నదులు కలిసే మా లాంటి చోట. ఎగపోటు ఉన్నప్పుడు నీళ్లు కదలకుండానే మట్టం లేస్తుంది. ప్రవాహం తక్కువ, మునక ఎక్కువ. ధవళేశ్వరం దిగువ లంక ఊళ్లకు క్యూసెక్కులు తెలిస్తే ఉపయోగం. మాకు కావలసింది ఎత్తు, అదీ మా ఊళ్లోని ఎత్తు.

పోలవరం ప్రాజెక్టు ముంపు ఊళ్ల పునరావాసం లెక్కల్లోనూ ఇదే చిక్కు కనిపించింది. 41.15 మీటర్ల కాంటూరు లోపలి ఊళ్లు ముందు, మిగతావి తర్వాత అన్నారు. కాంటూరు అంటే సమానమైన ఎత్తులో గీసిన గీత. వరద నీరు అలా పళ్లెంలో నీళ్లలాగా సమానంగా నిలబడదు, ఎగువ వైపు వాలుగా లేచి ఉంటుంది. అందుకే 2022లో ఆ కాంటూరులో లేవన్న ఊళ్లలోకి కూడా నీళ్లు వచ్చాయి. ఏ ఊళ్లో ఎంత ఎత్తుకు వచ్చిందో వరుసగా గేజిలు ఉండి రాసిపెట్టి ఉంటే, పరిహారం అడిగేవాడు ఫోటోలు పట్టుకుని తిరగాల్సిన పని ఉండేది కాదు. ఎలాగూ ఖాళీ చేయించే ఊళ్లకు గేజిలెందుకు అని ఒక పెద్దమనిషి నాతో అన్నారు. ఖాళీ అయ్యేదాకా అక్కడ ఉన్నది మనుషులే కదండీ! ప్రతి ఆషాఢం, ప్రతి శ్రావణం వాళ్ల మీదుగానే వెళ్తున్నాయి.

ఇప్పుడంతా సెన్సర్లు, శాటిలైట్లు, ఫోన్లో యాప్‌లు వచ్చేశాయి, ఇంకా కొలబద్దలేమిటి అనేవాళ్లూ ఉన్నారు. సెన్సర్లు పెట్టండి, సంతోషం. అవి అర్ధరాత్రి కూడా నిద్రపోకుండా చూస్తాయి. కాని 2022లో ముందు కరెంటు పోయింది, తర్వాత సెల్ టవర్లు పోయాయి. అప్పుడు సెన్సరు ఏం చెప్పినా మా చెవిన పడేది కాదు. సిమెంటు స్తంభం మీద నలుపు తెలుపు అంకెలకు బ్యాటరీ అక్కర్లేదు. బడికి పోయే పిల్ల కూడా చదువుతుంది. గ్రామ సచివాలయం గోడ మీదో, కరెంటు స్తంభాల మీదో, వాగు చప్టాల పక్కన రాళ్ల మీదో ఆ అంకెలు వేయవచ్చు. చప్టా మీద నీళ్లు నడుము లోతో మోకాలి లోతో తెలియక బండి దింపేవాళ్లను ఏటా చూస్తున్నాం.

ఆ స్తంభం మీద మూడు సంగతులు ఉండాలి: ఆ చోటు సముద్రమట్టానికి ఎంత ఎత్తు, 1986లో భద్రాచలంలో 75.6 అడుగులు వచ్చినప్పుడు ఇక్కడికి నీరు ఎంతవరకు వచ్చింది, 2022లో ఎంతవరకు వచ్చింది. 1986 నాటి మట్టం వేలు పెట్టి చూపించగల ముసలివాళ్లు మా ఊళ్లో ఇంకా నలుగురున్నారు. వాళ్లు ఉండగానే ఆ గుర్తులు పెట్టించుకోవాలి. వరద రోజుల్లో గంటగంటకూ చదివి చెప్పేందుకు ఊరికొక మనిషికి కూలి ఇవ్వాలి. చేపలు పట్టేవాళ్లు, నాటుపడవలు నడిపేవాళ్లు ఈ పని బాగా చేస్తారు, ఏటి నురగ రంగు చూసి ఏ వైపు వాన కురిసిందో చెప్పగలవాళ్లు వాళ్లలో ఉన్నారు. హెచ్చరికలో గోదావరితో పాటు శబరి మట్టం కూడా చెప్పాలి. మీ పత్రిక కూడా భద్రాచలం పక్కన కూనవరం, కోంటా మట్టాలకు రెండు వరుసలు కేటాయించాలని నా మనవి.

మా బడి గోడ మీద 2022 నాటి బురద గీత ఇంకా ఉంది, నా తలకన్నా రెండు జానల పైన. పోయినసారి సున్నం వేయడానికి వచ్చినవాళ్లను ఆ గీత ఒక్కటి వదిలేయమని బతిమాలుకున్నాను, వదిలేశారు. దాని పక్కన సరైన అంకె వేయడానికి ఒక సర్వేయరు ఒక పూట వస్తే చాలు. తొలకరి పడేలోపు రావాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కూనవరం మండలం