చప్పట్లు మనవి, మైదానం ఎవరిది?

ఆటల పిచ్చి ఉన్నోళ్లంటే మన సంఘం మిత్రులకు కొంచెం చిన్నచూపు. “ఇండియా మ్యాచ్ ఉందంటే మీటింగుకు మనుషులు రారు, పిల్లలు టీవీ ముందటి నుంచి లేవరు, ఉద్యమాన్ని ఆట మింగుతున్నది” అంటరు. ఈ మాటలో నిజం లేకపోలేదు. కాని పొద్దంతా కూలి చేసి వచ్చిన మనిషి రాత్రిపూట కబడ్డీ చూసి నాలుగు కేకలేస్తే అది తప్పెట్లయితది? దున్నుడు, కోసుడు, మోసుడు తప్ప ఇంకో పని తెల్వని ఒళ్లు ఆడగలదని, గెలవగలదని చూపించేది ఆట. ఆ సంబురం మన వాడకు వద్దనే హక్కు ఎవరికీ లేదు.

ఈ రాస్తున్నోడు కూడా ఆ పిచ్చోళ్లల్లో ఒకడే. టీవీలో క్రికెట్ వదలడు, ప్రో కబడ్డీ వదలడు, జనగామల, మానుకోటల, భూపాలపల్లిల కాలేజీ పిల్లల ఆటలున్నయంటే పని మానుకొని పోతడు. ఇన్నేండ్లు చూసినంక తోచిన సంగతి ఒక్కటే. ఆట చూడాల్నా వద్దా అన్నది మన ప్రశ్న కాదు. ఎవరి ఆటకు చప్పట్లు కొడుతున్నం, ఎవరి ఆటను చూసే దిక్కు లేకుండ వదిలేస్తున్నం అన్నదే ప్రశ్న.

ముందుగాల ఒక భ్రమ పోవాలె. “ఆటల కులం లేదు, ప్రతిభ ఉంటే చాలు” అని పెద్దపెద్దోళ్లు చెప్తరు. పల్వంకర్ బాలూ పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? చమార్ కులంల పుట్టినోడు. పుణెల తెల్లదొరల క్లబ్బుల పిచ్ చదును చేసుకుంట, దొరలు బ్యాటింగ్ నేర్చుకోనీకి బంతులేసుకుంట ఎదిగిండు. ఎడమచేతి బౌలింగ్‌ల అప్పటికి దేశంల ఆయనకు సాటి లేడు. ఆయన లేకపోతే గెలవమని తెలిసి హిందూ జట్టు ఆయన్ని తీసుకున్నది. మైదానంల ఆయన ముట్టిన బంతినే అందరూ ముట్టిన్రు. ఆట ఆగి చాయ తాగే యాళ్లకు మాత్రం ఆయనకు బయట, మట్టి పిడతల పోసిన్రు. 1911లో ఇంగ్లండుకు పోయిన మొదటి భారత జట్టులో 114 వికెట్లు తీసిండు. అయినా ఆ హిందూ జట్టుకు కెప్టెన్ కాలేదు. కులం అడ్డం పడ్డది. తమ్ముడు విఠల్ కెప్టెన్ కావడానికి 1923 దాకా పట్టింది, అదీ కొట్లాడితే.

ఇది పాతకాలం ముచ్చట అనుకుంటరేమో. 2021 ఆగస్టు సంగతి చూడుండ్రి. టోక్యో ఒలింపిక్స్ హాకీల మన ఆడపిల్లల జట్టు సెమీఫైనల్‌ల అర్జెంటీనా చేతుల ఓడిపోయింది. హరిద్వార్ దగ్గర వందన కటారియా ఇంటి ముందట పటాకులు కాల్చి, కులం పేరు పెట్టి తిట్టిన్రు. జట్టుల దళితులు ఎక్కువైనందుకే ఓడిన్రని అన్నరట. ఆ తిట్లు పడ్డ పిల్ల ఎవరు? అంతకు నాలుగు రోజుల ముందు దక్షిణాఫ్రికా మీద మూడు గోళ్లు కొట్టి, ఒలింపిక్స్‌ల హ్యాట్రిక్ చేసిన మొదటి భారత మహిళ అనిపించుకున్న పిల్ల. గెలిస్తే దేశం బిడ్డ, ఓడితే వాడ బిడ్డ! ఆటల కులం లేదనేటోళ్లు దీనికి జవాబు చెప్పాలె.

ఇగ మనం టీవీల చూసే జట్ల సంగతికొద్దాం. 2009లో ఐపీఎల్ కప్పు కొట్టిన డెక్కన్ చార్జర్స్ యాదికున్నదా? తర్వాత యజమానులు డబ్బుల తగాదాలో పడ్డరు, 2012లో జట్టే లేకుండ పోయింది. అభిమానిని ఎవరన్న ఒక్క మాట అడిగిన్రా? తర్వాత వచ్చిన సన్‌రైజర్స్‌కు పేరు హైదరాబాద్, యజమానులు చెన్నైల, 2024, 2025ల కెప్టెన్ ఆస్ట్రేలియా ఆటగాడు. తెలుగు టైటాన్స్ పేరుల తెలుగున్నది. మనం గొంతు చించుకొని పేరు పిలిచిన రైడర్లల్ల రాహుల్ చౌదరిది ఉత్తరప్రదేశ్, సిద్ధార్థ్ దేశాయ్‌ది కొల్హాపూర్, పవన్ సెహ్రావత్‌ది ఢిల్లీ పక్క పల్లె. ఆ పిల్లల మీద మనకు కోపం లేదు. వాళ్లూ పల్లెల మట్టిల కూత పెట్టి ఎదిగినోళ్లే. మన మనసు వాళ్లను మెచ్చుకుంటనే ఉంటది.

అడగాల్సింది వేరే ఉన్నది. 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పుడు అందరికన్న ఎక్కువ ధర పలికిన రాకేశ్ కుమార్‌కు 12 లక్షల 80 వేలు. 2023లో టైటాన్స్ పవన్‌ను కొన్నది 2 కోట్ల 60 లక్షల 50 వేలకు. తొమ్మిదేండ్లల్ల ఇరవై రెట్లు! ఈ సొమ్ము ఎక్కడి నుంచి వచ్చింది? మన కండ్ల నుంచి వచ్చింది. మనం చూస్తేనే ప్రకటనలు, ప్రకటనలుంటేనే పైసలు. కబడ్డీ మన ఆట అని గొప్పలు చెప్పుకుంటం గదా, ఈ కోట్లల్ల మన ఊరి మట్టి గీతకు ఒక్క రూపాయన్న వచ్చిందా? పైనుంచి మన జేబుల పైసలే పోయినయి. బెట్టింగుల పేరు మీద, ఫోన్‌ల జట్లు కట్టే ఆటల పేరు మీద కూలి డబ్బులు, ఫీజు డబ్బులు పోగొట్టుకున్న పిల్లలు మన వాడలల్ల లేరా? 2017లో తెలంగాణ ప్రభుత్వం పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది. చట్టం వచ్చేలోపల పోయిన పైసలు మళ్ల వచ్చినయా?

ఇప్పుడు రెండో దిక్కు చూద్దాం. కాకతీయ యూనివర్సిటీ 1976ల పెట్టింది. దాని కింది కాలేజీల మధ్య కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, పరుగు పందేలు జరుగుతయి. ఆ ఆటలకు పోయి కూసోండ్రి. ఎవరాడుతున్నరో చూడుండ్రి. ఎస్సీ హాస్టల్ పిల్లలు, తండాల నుంచి వచ్చిన లంబాడ పిల్లలు, భూపాలపల్లి అడవి అంచు కోయ పిల్లలు, గొల్ల కుర్మ, చాకలి, మంగలి ఇండ్ల పిల్లలు. గీత దాటి పోయిన పిలగాడు నలుగుర్ని తప్పించుకొని ఎన్క మర్లి చెయ్యి గీతకు తాకిస్తడు. ఆ ఒక్క కూత కోసం పొద్దుందాక నిలబడొచ్చు. కాని చూసేదెవరు? అవతలి కాలేజీ జట్టు, ఇద్దరు సార్లు, గోడ మీద కూసున్న పదిమంది. టీవీల కబడ్డీకి ఊరంత కూసుంటది, మన ఊరి పిలగాడు ఆడితే ఇంట్లోళ్లకు కూడ తెల్వది.

ఆ పిలగాడు తినేది హాస్టల్ అన్నం, నీళ్ల చారు. బూట్లు ఒకడివి ఇంకొకడు తొడుక్కుంటడు. మోకాలు తిరిగితే పసరు కట్టు తప్ప వైద్యం లేదు. ఇరవై ఒకటో ఏట డిగ్రీ అయిపోతది, దాంతోటే ఆట అయిపోతది. ఒళ్లు ఆటకు పదునెక్కే వయసుకు వాడు జనగామ అడ్డా మీద కూలికి నిలబడతడు, మానుకోటల ఆటో తోలుతడు, భూపాలపల్లి కాకతీయ గనుల కాడ కాంట్రాక్టు కూలైతడు. ఆడపిల్లకైతే ఆ ఇరవై ఒకటి కూడా రాదు. ఇంటర్‌ల పెండ్లి.

హర్యానా నుంచి అంతమంది కబడ్డీ ఆటగాళ్లు ఎందుకొస్తున్నరని అడుగుతరు. వాళ్ల రక్తంల ఏదో ఉన్నదనుకుంటే పొరపాటు. ఊరూర ఆడే జాగ ఉన్నది, నేర్పేటోడున్నడు, ఇంట్ల పాలున్నయి, బాగా ఆడితే పోలీసుల, రైల్వేల, ఫౌజుల నౌకరి దొరుకుతదన్న నమ్మకమున్నది. ఈ నాలుగూ ఉన్నకాడ ఆటగాడు తయారైతడు. లేనికాడ ప్రతిభ మట్టిల కలుస్తది. హర్యానాల సుత ఆ జాగలు ముందు భూమున్నోళ్లకే అందినయన్నది మరువొద్దు. మనం అడగాల్సింది జాగ ఒక్కటే కాదు, ఆ జాగల మన వాటా కూడా.

మన ఊర్లల్ల మైదానం ఎక్కడున్నదో లెక్క తీయుండ్రి. శానా కాడ బడి గ్రౌండే దిక్కు, బడి ఊరి నడుమ, వాడ ఊరి చివర. సాయంత్రం పెద్దిండ్ల పిల్లలు క్రికెట్ ఆడుతుంటే మన పిల్లలు బంతులందిచ్చుడు ఇంకా పోలేదు. 2022లో ఊరూర ‘తెలంగాణ క్రీడా ప్రాంగణం’ అని బోర్డులు లేసినయి. కొన్ని ఊర్లల్ల మంచిగనే ఉన్నయి. కొన్ని ఊర్లల్ల శ్మశానం పక్కన, గుట్ట బోరు మీద రెండు కట్టెలు, ఒక బోర్డు, నడుమ తుమ్మచెట్లు. హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంల సింథటిక్ ట్రాక్ వేసిన్రు, 2021 సెప్టెంబరుల జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు అక్కడనే జరిగినయి. సంతోషం. కాని జనగామ పిల్లకైనా, భూపాలపల్లి పిల్లకైనా ఆ ట్రాక్ యాభై అరవై కిలోమీటర్ల దూరం. రోజూ బస్సు కిరాయి ఎవరు పెట్టాలె?

బస్సు కిరాయి చిన్న విషయమనుకోకుండ్రి. మన పక్క వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వచ్చిన జీవాంజి దీప్తి కథ వినుండ్రి. కూలి చేసుకునే తల్లిదండ్రులు. పుట్టుకతోనే మేధోపరమైన వైకల్యం. ఊర్లో కొందరు పిచ్చిదన్నరు, కోతి అన్నరు, అనాథాశ్రమంల ఇయ్యమని సలహా ఇచ్చిన్రని తల్లిదండ్రులే చెప్పిన్రు. బళ్లె వ్యాయామం సారు ఆమె పరుగు చూసిండు. కోచ్ నాగపురి రమేశ్ హైదరాబాద్ పంపమని అడిగిండు. పంపనీకి బస్సు కిరాయికే ఇబ్బంది పడ్డ ఇల్లది. అప్పుడు చెయ్యి పట్టినోళ్లున్నరు గనుక ఆమె 2023లో హాంగ్‌జౌ పారా ఆసియా క్రీడల 400 మీటర్లల్ల బంగారం తెచ్చింది. 2024 మే నెలల జపాన్‌ల కోబె పోటీల 55.07 సెకండ్లల్ల ఉరికి, అప్పటికి ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడు సెప్టెంబరుల పారిస్ పారాలింపిక్స్‌ల కంచు పతకం గెలిచింది. ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి జాగ, నౌకరి ప్రకటించింది. ఇయ్యాల్సిందే, ఇంకా ఇయ్యాలె. కాని గెలిచినంక ఇచ్చే కోటి కన్న ఉరుకుడు మొదలుపెట్టినప్పుడు ఇచ్చే బస్సు కిరాయి పెద్దది. ఆ కిరాయి అందక ఇంటికాడ ఆగిపోయిన దీప్తులు ఎందరో మనకు తెల్వనే తెల్వది.

2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. ఒకరు ఆదివాసి, ఒకరు దళితుడు. వాళ్ల వెనక కోటీశ్వరులు లేరు. ఒక సర్కారు బడి, గుర్తించిన కండ్లు, నెలల కొద్ది శిక్షణ, కడుపునిండ తిండి. అంతే కావాల్సింది.

కనుక అన్నలారా, అక్కలారా, ఆట చూడుడు మానమని ఈ రాత చెప్పడం లేదు. ఇంకా ఎక్కువ చూడుమంటున్నది, దగ్గరి ఆట చూడుమంటున్నది. జనగామ ఏబీవీ కాలేజీలనో, మానుకోట ఎన్టీఆర్ స్టేడియంలనో పిల్లల ఆటలున్నయంటే తేదీ తెలుసుకొని వాడ నుంచి ఇరవై మంది పోవాలె. చూసేటోళ్లుంటే ఎంపిక చేసేటోడు సుత జాగ్రత్తగ ఉంటడు. ఎవరు గెలిచిన్రు, ఎవర్ని తీసుకున్నరు, బాగా ఆడినోణ్ని ఎందుకు తీసుకోలేదు అని రాసిపెట్టాలె, కాగితం పట్టుకొని అడగాలె. మన బడికి వ్యాయామం సారు ఉన్నడా, క్రీడా ప్రాంగణం ఎక్కడ, వాడ పిల్లలకు అందుతదా అని గ్రామసభల లేచి నిలబడి అడగాలె.

అంబేద్కర్ జయంతికి మన వాడలల్ల కబడ్డీ, వాలీబాల్ పోటీలు పెడుతున్నం, మంచి పని. ఫ్లెక్సీలకు, డీజేకు పెట్టే ఖర్చుల సగం తీసి ఒక పెట్టెల ఎయ్యాలె. ఆ ఏడు బాగా ఆడిన ఒక పిలగాడికి, ఒక పిల్లకు ఏడాది పొడుగున బూట్లకు, గుడ్లకు, బస్సు కిరాయికి అది సరిపోతది. ఆడపిల్లల జట్టు లేని జయంతి టోర్నమెంట్ సగం టోర్నమెంటే అని గుర్తుంచుకోవాలె. ఆటల కాడ ఎవడన్న కులం పేరు పెట్టి తిడితే తలొంచుకొని రావద్దు, 1989ల చేసిన అట్రాసిటీ చట్టం మన చేతుల ఉన్నది.

బాలూకు బయట చాయ పోసినప్పుడు ఆయన వెనక నిలబడి అడిగే గుంపు లేదు. ఇయ్యాల మనమున్నం. టీవీ జట్టుకు మన కేకలు వినపడవు. మానుకోట గ్రౌండ్‌ల కూత పెడుతున్న పిలగాడికి వినపడతయి.

జై భీం.