రంగుల బొమ్మకు మార్కులెందుకు?

ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టు రిపోర్టు ఏది తిరగేసినా ఆన్సిస్ సాఫ్ట్‌వేర్‌లో తీసిన స్ట్రెస్ బొమ్మ ఒకటి తగులుతుంది: బ్రాకెట్టో, పిస్టనో, నీలం నుంచి ఎరుపు దాకా రంగులు పులుముకుని. మెష్ (లెక్క కోసం వస్తువును చిన్న చిన్న ఎలిమెంట్లుగా ముక్కలు చేసే వల) ఇంకాస్త సన్నం చేస్తే ఆ స్ట్రెస్ మారుతుందా అని అడిగితే మాత్రం కుర్రాళ్లు నీళ్లు నములుతారు. (అడిగే ఎగ్జామినర్లూ తక్కువే లెండి.) నార్వేలో తలపండినవాళ్లే ఈ మెష్ దగ్గర దెబ్బతిన్నారు. 1991 ఆగస్టు 23న స్టావంగర్ దగ్గర సముద్రంలో చమురు, గ్యాస్ తీసే స్లీప్నర్-ఎ ప్లాట్‌ఫారం కాంక్రీటు పునాదిని సముద్రపు పాయలో కిందికి దించుతుండగా గోడ పగిలి మొత్తం మునిగిపోయింది. నష్టం దాదాపు 70 కోట్ల డాలర్లు. డిజైన్ లెక్క కట్టిన నాస్ట్రాన్ సాఫ్ట్‌వేర్ కూడికలో తప్పలేదు, మనుషులిచ్చిన మెష్ మోటుది. గుండ్రటి అరలు మూడు కలిసేచోట మిగిలే ముక్కోణపు సందు గోడల్లో ఎలిమెంట్లు ముతకగా వేయడంతో షియర్ స్ట్రెస్ 47 శాతం తక్కువగా తేలింది. ఆ అంకెను నమ్మి గోడ పలచగా కట్టారు, అక్కడి ఇనుప కమ్మీలూ పొట్టివైపోయాయి. ప్రమాదం తర్వాత జాగ్రత్తగా లెక్కేస్తే 62 మీటర్ల లోతున పగలాలని వచ్చింది. పగిలింది 65 దగ్గర! కాబట్టి ఈ ఎలిమెంట్ల లెక్క పద్ధతిని తప్పుపట్టడానికేం లేదు. ఇంకో విశేషం, కొత్త పునాదిని వేళకు అందించాలని డిజైనర్లు కంప్యూటర్ ఫలితాల కోసం ఆగకుండా పాతకాలపు చేతిలెక్కలతోనే డిజైన్ ముగించారు. అందుకే నా మాట: రిపోర్టులో బొమ్మ పక్కన చేత్తో వేసిన బీమ్ లెక్క ఒక పేజీ, రెండు మూడు మెష్‌లతో వచ్చిన విలువల పట్టిక లేకపోతే, వైవాకు పిలవనే కూడదు.