ఒడ్డుకి కొట్టుకొచ్చినవాళ్లు

టీమ్ లీడ్ అయ్యి మూడు నెలలైంది. లీడర్ అంటే రిలీజ్‌ని టైమ్‌కి బయటికి తోసేవాడు అనుకున్నా. మొన్న ఆదివారం సింహాచలం వెళ్లొచ్చాక ఆ నమ్మకం కొంచెం కదిలింది.

ఆ గుళ్లో శ్రీకృష్ణదేవరాయల శాసనం ఉంది. ఏథెన్స్ స్వర్ణయుగం అంటే పెరిక్లీస్ గుర్తొచ్చినట్టు, మనకి 1509 నుంచి 1529 దాకా ఏలిన రాయలు గుర్తొస్తాడు. 1516లో గజపతులతో యుద్ధం చేస్తూ ఇక్కడిదాకా వచ్చాడు. అప్పటికి ఇది శత్రువు కొలిచే గుడి. దోచుకోలేదు సరికదా, 991 ముత్యాల హారం స్వామికి సమర్పించాడు. తర్వాత సంధి కుదిరాక, కృష్ణకి ఉత్తరాన గెలిచిన నేలని గజపతికే తిరిగిచ్చేశాడు.

ఇంటికొచ్చి ఆయన రాసిన ‘ఆముక్తమాల్యద’ తిరగేశా. నాలుగో ఆశ్వాసంలో రాజనీతి భాగం ఉంది. రేవుల్ని బాగుచేసుకో, గుర్రాలు, ఏనుగులు, ముత్యాలు తెచ్చే వర్తకుల్ని బాగా చూసుకో అంటాడు. తుఫానుకో జబ్బుకో ఒడ్డు చేరిన పరదేశుల్ని వాళ్లకి తగినట్టు ఆదరించాలట. ఇదంతా ఒట్టి జాలి కాదు. వర్తకుడికి లాభం, గౌరవం దక్కితే అతని గుర్రాలు శత్రువు దగ్గరికి పోవు. ఆ లెక్క కూడా రాయలే చెప్పాడు.

మన వైజాగ్‌ వాళ్లకి ఇది కొత్తేం కాదు. 2020 అక్టోబర్‌లో ఈదురుగాలులకి బంగ్లాదేశ్ ఓడ తెన్నేటి పార్క్ దగ్గర ఒడ్డుకెక్కేసింది గుర్తుందా? మనలో చాలామందిమి సెల్ఫీలకి వెళ్లాం. అందులోని సిబ్బందిని మాత్రం ఎవరో క్షేమంగా బయటికి తెచ్చారు. రాయలు చెప్పిన పని వాళ్లది, నాది కాదు.

నా టీమ్‌లోనూ అలా కొట్టుకొచ్చిన మనిషి ఒకడున్నాడు. లేఆఫ్‌లో ఉద్యోగం పోయి, వేరే ఊరి నుంచి వచ్చి చేరాడు. నాకన్నా పెద్దవాడు. రోజూ పొద్దున్నే కాల్‌లో నేనడిగింది ఒక్కటే: “స్టేటస్ ఏంటి?”

సోమవారం టీకి తీసుకెళ్లా. ఇక్కడ ఇల్లు ఇంకా దొరకలేదట, భార్యాపిల్లలు ఇంకా అక్కడే ఉన్నారట. నెల రోజులుగా నా పక్క సీట్లోనే ఉన్నాడు. ఆయన రాసిన ప్రతి లైను కోడ్ చూశా. ఈ సంగతి మాత్రం తెలీదు.

ఈ శనివారం ఇద్దరం కలిసి ఇల్లు వెతుకుతున్నాం.